మీరు లేని గదిలో మీ పక్షాన మాట్లాడే కాగితం: వ్యాపార ప్రతిపాదన ఎలా రాయాలి

అరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంటు. ఆదివారం ఉదయం జనరల్ బాడీ సమావేశం. డాబా మీద సోలార్ పెట్టించుకోవాలా, పెట్టించుకుంటే ఎవరితో అన్నది ఆ రోజు తేలాలి. మా ప్రతిపాదన 28 పేజీలు. మూడు రాత్రులు కూర్చుని నేనే రాశాను. ప్యానెల్ ఎలా పనిచేస్తుందో బొమ్మలు వేసి మరీ వివరించాను. పని మాత్రం 4 పేజీలు ఇచ్చిన మరొకరికి వెళ్లింది. ధర చూస్తే మాదే కాస్త తక్కువ. ఆగలేక సెక్రటరీ గారికి ఫోను చేశాను. ఆయన మొహమాటపడుతూనే చెప్పారు: "మీది మంచిదేనండీ. కానీ అందులో ఏముందో నేను లేచి నిలబడి చెప్పలేకపోయాను. వాళ్లది చదివి వినిపించాను, అంతే."

ప్రతిపాదన గురించి నాకు తెలిసినదంతా ఆ మాట దగ్గరే మొదలైంది. రాసేటప్పుడు మనం కొనేవారితో మాట్లాడుతున్నామనుకుంటాం. అసలు జరిగేది అది కాదు. కొనేవారిలో మన మీద కాస్త నమ్మకం కుదిరిన ఒక్కరు, ఇంకా కుదరని పదిమంది ముందు నిలబడతారు. ఆ సమయానికి మనం అక్కడ ఉండం. ఆ ఒక్కరి నోటికి మాటలు అందించేదే ప్రతిపాదన. మీరు హాస్టల్‌కు భోజనాలు సరఫరా చేసేవారైనా, బడికి యూనిఫారాలు కుట్టించి ఇచ్చేవారైనా, కంపెనీకి సాఫ్ట్‌వేర్ చేసిపెట్టేవారైనా ఇదే వరస. నాకు బాగా తెలిసింది అపార్ట్‌మెంట్ల సోలార్ కాబట్టి మొదటినుంచి చివరిదాకా అదే ఉదాహరణతో చెబుతాను. మీ సరుకు పేరు పెట్టుకుని చదువుకోండి.

రాయడానికి ముందు: బిల్లు, డాబా, మనుషులు

కంప్యూటర్ ముందు కూర్చోవడానికి ముందే ప్రతిపాదన సగం పూర్తయి ఉండాలి. ఆ సగం వారి దగ్గరే దొరుకుతుంది.

మొదట కామన్ మీటరు (లిఫ్టు, మోటార్లు లాంటి ఉమ్మడి అవసరాల మీటరు) బిల్లులు అడగండి. ఒక నెలది కాదు, 12 నెలలవి. వేసవిలో బోరు మోటారు రోజంతా తిరుగుతుంది, ట్యాంకర్లు వస్తే సంపు నుంచి పైకి ఎక్కించే మోటారు తిరుగుతుంది, వానాకాలంలో రెండూ తగ్గుతాయి. మే నెల బిల్లు ఒక్కటి చూసి లెక్క వేస్తే అవసరానికి మించిన ప్లాంటు రాసేస్తారు. బిల్లు మీద చూడాల్సినవి మూడు: ఎన్ని యూనిట్లు వాడారు, యూనిట్‌కు సగటున ఎంత పడింది, మంజూరైన లోడు (ఆ మీటరు మీద ఒకేసారి వాడుకోవడానికి కరెంటు సంస్థ ఒప్పుకున్న గరిష్ఠ పరిమితి) ఎంత. ఆ లోడుకు మించి సోలార్ పెట్టాలంటే ముందు లోడు పెంచుకోవాల్సి రావచ్చు. ఈ సంగతి మీరు ఒప్పందం అయ్యాక చెబితే మోసం, ప్రతిపాదనలోనే చెబితే నిజాయితీ. విషయం ఒక్కటే, తేదీలో ఉంది తేడా.

తర్వాత డాబా ఎక్కండి. ఉపగ్రహ చిత్రం చూసి ఆఫీసులోనే కొలత తీసుకునేవారు ఎక్కువయ్యారు. ఆ చిత్రంలో బట్టలు ఆరేసే తీగలు కనబడవు. మేలో వడియాలు పెట్టుకునే మూల కనబడదు. డిష్ యాంటెన్నాలు కనబడినా, అవి ఎవరివో తెలియదు. అన్నిటికన్నా ముఖ్యం ఓవర్‌హెడ్ ట్యాంకు. వాస్తు ప్రకారం బరువు నైరుతిలో ఉండాలని మన బిల్డర్లు ట్యాంకును సాధారణంగా నైరుతి మూలనే కడతారు. చలికాలంలో మధ్యాహ్నం దాటాక సూర్యుడు ఉండేదీ అటువైపే. అంటే ట్యాంకు నీడ డాబా మీదకే పడుతుంది. డిసెంబరు చివర్లో హైదరాబాదులో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దాదాపు 49 డిగ్రీల ఎత్తుకు మించడు. 3 మీటర్ల ట్యాంకు నీడ ఉత్తరానికి రెండున్నర మీటర్లకు పైగా సాగుతుంది, సాయంత్రానికి ఇంకా పొడుగవుతుంది. కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగుల నీడ లేని చోటు కావాలి. 25 కిలోవాట్లకు 2,500 అడుగులు. కొలిచి, ఫోటో తీసి, ఆ ఫోటో మీదే ప్యానెళ్లు ఎక్కడ వస్తాయో గీయండి. తమ డాబా ఫోటో చూసినప్పుడు జనం కాగితం చేతిలోకి తీసుకుంటారు. కంపెనీ బ్రోచర్‌లోని పచ్చిక మైదానం చూసినప్పుడు పక్కన పెడతారు.

మూడోది మనుషులు. దీనికి ఫారం లేదు. డాబా నుంచి దిగి వచ్చేటప్పుడు సెక్రటరీతోనో వాచ్‌మన్‌తోనో మాట్లాడితే తెలిసిపోతుంది. ఇంతకు ముందు సోలార్ సంగతి ఎప్పుడైనా వచ్చిందా? వస్తే ఎవరు వద్దన్నారు? ఎందుకు వద్దన్నారు? నిర్ణయం కమిటీదా, జనరల్ బాడీదా? అసోసియేషన్ కార్పస్ ఫండ్‌లో (ఉమ్మడి నిధిలో) డబ్బు ఉందా, లేక ప్రతి ఫ్లాటూ ఇవ్వాలా? ఈ చివరి ప్రశ్నకు జవాబు తెలియకుండా ధర రాయడం అంటే తలుపు ఎటుందో చూడకుండా తాళం కొనడం.

చదివేది ఒక్కరు కాదు

ఒకే కాగితాన్ని నలుగురు నాలుగు రకాలుగా చదువుతారు. సెక్రటరీ గారు చదివి వినిపించడానికి పనికొచ్చే వాక్యాల కోసం చూస్తారు. కోశాధికారి మొదటి పేజీ తిప్పేసి అంకెల దగ్గరికి వెళ్తారు. ప్రతి అపార్ట్‌మెంటులోనూ విద్యుత్ శాఖలోనో ప్రభుత్వ రంగ సంస్థలోనో పనిచేసి రిటైరైన ఇంజినీరు గారు ఒకరుంటారు. ఆయన ప్యానెల్ రకం, తీగ మందం, ఎర్తింగ్ చూస్తారు. ఆయనంటే భయపడే అమ్మకందారులను చూశాను. నాకు మాత్రం ఆయనే ఇష్టం. ఆయన అడిగిన ఏడు ప్రశ్నలకు జవాబు కాగితంలో ఉంటే, సమావేశంలో ఆయన ఊరికే తల ఊపినా మిగతా వారికి అది చాలు.

నాలుగో వ్యక్తి ఆ ఊళ్లో ఉండరు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటారు. ఫ్లాటు వారిది, ఉండేది అద్దెకున్నవారు. వాట్సాప్ గ్రూపులో పీడీఎఫ్ తెరిచి, "డబ్బు నేను పెడితే మెయింటెనెన్స్ తగ్గేది అద్దెవారికి కదా, నాకేమిటి?" అని ఒక్క ప్రశ్న వేస్తారు. గ్రూపులో నిశ్శబ్దం. చాలా సోలార్ ప్రతిపాదనలు చచ్చిపోయేది ఆ నిశ్శబ్దంలోనే. ఇది న్యాయమైన ప్రశ్న. జవాబు మీరే ముందుగా రాసి ఉంచండి: పెట్టుబడి వసూలయ్యేదాకా మెయింటెనెన్స్ తగ్గించకుండా, మిగిలిన మొత్తాన్ని యజమానుల వాటాకు జమ వేసుకునే పద్ధతి ఒకటి, కార్పస్ ఫండ్ నుంచి పెట్టి మిగులును తిరిగి కార్పస్‌లోకే చేర్చే పద్ధతి మరొకటి. ఏది ఎంచుకోవాలో వారిష్టం. అయితే దారి ఉందని మీరు చూపించాలి. మీ వ్యాపారం ఏదైనా, దూరంగా ఉండి వద్దనగలిగిన మనిషి ఎవరో కనుక్కుని, వారి కోసం ఒక పేరా కేటాయించండి.

మొదటి పేజీ: చదివి వినిపించేలా

నా పాత ప్రతిపాదనలు "గౌరవనీయులైన కమిటీ సభ్యులకు, మా సంస్థ నాణ్యతకు, నమ్మకానికి మారుపేరు" అని మొదలయ్యేవి. ఆ వాక్యంలోంచి మా సంస్థ పేరు తీసి మిఠాయి కొట్టు పేరు పెట్టినా సరిపోతుంది. ఎవరికైనా సరిపోయే వాక్యం ఎవరికీ పనికిరాదు.

మొదటి పేజీలో వారి సమస్య, మీరు చేసేది, దానివల్ల వారికి మిగిలేది, వారు పెట్టాల్సింది, ఎప్పటికి పూర్తవుతుంది అన్న ఐదు సంగతులు ఉండాలి. అంతకు మించి వద్దు. ఇప్పుడు నేను ఇలా రాస్తాను:

"గత 12 నెలల్లో మీ కామన్ మీటరు నెలకు సగటున 3,600 యూనిట్లు వాడింది. యూనిట్‌కు సగటున 8 రూపాయల చొప్పున నెలకు 28,800 రూపాయలు కట్టారు. మీ డాబా మీద నీడ పడని చోట 25 కిలోవాట్ల సోలార్ ప్లాంటు పడుతుంది. అది నెలకు సగటున 3,000 యూనిట్లు ఇస్తుంది. అంటే నెలకు 24,000 రూపాయలు, ఫ్లాటుకు 400 రూపాయలు మిగులుతాయి. మొత్తం ఖర్చు పన్నులతో సహా 13,75,000 రూపాయలు. సబ్సిడీ 4,50,000 రూపాయలు పోను మీకు పడేది 9,25,000. శుభ్రం చేయించే ఖర్చు తీసేసి లెక్కవేసినా మూడున్నరేళ్లలో పెట్టుబడి తిరిగి వస్తుంది. అడ్వాన్సు అందిన నాటి నుంచి 30 రోజుల్లో బిగింపు పూర్తిచేస్తాం. డాబా నుంచి బయటి లైనుకు వెళ్లే కరెంటును కూడా లెక్కించే నెట్ మీటరుకు పట్టే సమయం, కరెంటు పంపిణీ సంస్థ అయిన డిస్కం చేతిలో ఉంటుంది."

దీన్ని బయటికి చదవండి. నిమిషం పడుతుంది. ఎక్కడైనా నాలుక తడబడితే ఆ వాక్యం తిరగరాయండి. చదివి వినిపించాల్సింది సెక్రటరీ గారు కదా. "నెలకు 24,000" కన్నా "ఫ్లాటుకు 400" అన్నదే సమావేశంలో నలుగురి నోళ్లలో నానుతుంది. ఎందుకంటే ఆ గదిలో ప్రతి ఒక్కరూ వచ్చింది తమ ఫ్లాటు లెక్కతోనే. మీ సరుకులో కూడా అలాంటి అంకె ఒకటి ఉంటుంది. హాస్టల్ భోజనమైతే నెలకు మొత్తం ఎంత అన్నది కాదు, పిల్లవాడికి పూటకు ఎంత అన్నది.

లెక్క విప్పి చూపించాలి

మొదటి పేజీలో అంకె చెప్పారు సరే, రెండో పేజీలో ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందో విప్పకపోతే కోశాధికారి గారు నమ్మరు. నమ్మకూడదు కూడా.

మన ప్రాంతంలో ఒక కిలోవాట్ ప్లాంటు ఏడాది సగటున రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది. 25 కిలోవాట్లకు రోజుకు 100, నెలకు 3,000. ఇక్కడ "సగటున" అన్న మాటను దాచవద్దు. జూలై, ఆగస్టుల్లో మబ్బుల వల్ల తగ్గుతుంది. మే నెలలో మాడిపోయే ఎండకు విపరీతంగా వస్తుందనుకుంటారు గానీ, 25 డిగ్రీలు దాటాక ప్యానెల్ వేడెక్కే కొద్దీ దాని సామర్థ్యం తగ్గుతూ వస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ కూడా ఏటా కొద్దిగా తగ్గుతుంది. ఇవన్నీ రెండు మూడు వాక్యాల్లో రాయండి. రిటైర్డ్ ఇంజినీరు గారికి ఇవి ముందే తెలుసు. మీకు తెలుసో లేదో అని చూస్తుంటారు.

ఇక ఖర్చు. కిలోవాట్‌కు పన్నులతో కలిపి 55,000 అనుకుంటే 25 కిలోవాట్లకు 13,75,000. (ఈ ధర ఉదాహరణ కోసమే, ప్యానెల్ రకం, స్టాండు ఎత్తు బట్టి మారుతుంది.) పన్ను విడిగా చూపించండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సోలార్ పరికరాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. సామగ్రి, బిగింపు కలిపి ఇచ్చే కాంట్రాక్టులో విలువలో 70 శాతాన్ని సామగ్రిగా, 30 శాతాన్ని సేవగా లెక్కిస్తారు. సేవ మీద 18 శాతం. కలిపితే 8.9 శాతం పడుతుంది. పాత లెక్కలో ఇది 13.8. ఆ పాత ప్రతిపాదన ఫైలునే పేరు మార్చి పంపి, పాత పన్నుతో దొరికిపోయినవారు ఉన్నారు. అసోసియేషన్‌లో ఒక చార్టర్డ్ అకౌంటెంట్ ఉంటే చాలు, పరువు పోతుంది.

సబ్సిడీ దగ్గర మరింత జాగ్రత్త. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకం కింద అపార్ట్‌మెంటు ఉమ్మడి అవసరాలకు కిలోవాట్‌కు 18,000 రూపాయలు ఇస్తారు. 25 కిలోవాట్లకు 4,50,000. అయితే ప్యానెళ్లు, వాటిలోని సెల్స్ రెండూ దేశంలో తయారైనవే అయి ఉండాలి, బిగించేది నమోదైన విక్రేత అయి ఉండాలి. దేశీయ ప్యానెళ్ల ధర ఎక్కువ. దిగుమతి సెల్స్ ఉన్న ప్యానెల్ ధర వేసి, పక్క గడిలో సబ్సిడీ తీసివేసి, "చూడండి ఎంత చవకో" అని చూపే కొటేషన్లు తిరుగుతుంటాయి. మీది అలాంటిది కాదని చెప్పడానికి ఎదుటివారిని తిట్టనక్కర్లేదు. "ఈ ధర సబ్సిడీకి అర్హత ఉన్న దేశీయ ప్యానెళ్లకే" అని ఒక వాక్యం రాయండి. చదివినవారు రెండో కొటేషన్ తీసి చూసుకుంటారు.

సబ్సిడీ ముందు రాదు. ప్లాంటు పనిచేయడం మొదలై, తనిఖీ అయ్యాక వస్తుంది. కాబట్టి అసోసియేషన్ మొదట 13,75,000 మొత్తం కట్టాలి. ఫ్లాటుకు సుమారు 22,900. తర్వాత ఫ్లాటుకు 7,500 వెనక్కి వస్తుంది. చాలా ప్రతిపాదనలు "ఫ్లాటుకు 15,400 మాత్రమే" అని రాసి ఊరుకుంటాయి. వసూళ్లు మొదలయ్యే రోజున కోశాధికారి గారు ఆ తేడా కనిపెడతారు, తిట్టు తినేది మాత్రం సెక్రటరీ గారు. మీ పక్షాన మాట్లాడిన మనిషిని అలా ఇరికిస్తే ఆయన ఇక ఎన్నడూ మీ పక్షాన మాట్లాడరు.

తిరిగి వచ్చే కాలం: ఏడాదికి 2,88,000 ఆదా, అందులోంచి ప్యానెళ్లు కడిగించడానికి ఏడాదికి 24,000 తీస్తే 2,64,000. నికర పెట్టుబడి 9,25,000 మూడున్నరేళ్లలో వస్తుంది. సబ్సిడీ ఏ కారణం చేతనైనా రాకపోతే? ఆ వరుస కూడా వేయండి: ఐదేళ్ల రెండున్నర నెలలు. చెడ్డ రోజుల్లో కూడా లెక్క నిలబడుతుందని చూపించే ప్రతిపాదనకు వచ్చే బలం, రంగు రంగుల గ్రాఫులకు రాదు.

చేదు మాట మీరే ముందు చెప్పండి

కొత్తగా రాసేవారు దాచేది ఇదే. వాడుకదారు తర్వాత కనిపెట్టే ప్రతి లోపాన్నీ మీరే ముందు రాస్తే అది లోపం కాదు, సమాచారం.

సోలార్ విషయంలో అతి పెద్ద చేదు మాట ఇది: కరెంటు పోతే ఈ ప్లాంటు కూడా ఆగిపోతుంది. బ్యాటరీ లేని, గ్రిడ్‌కు (బయటి కరెంటు లైన్లకు) కలిపిన ప్లాంటు కావాలనే అలా ఆగేలా చేస్తారు. లేకపోతే లైను మీద పనిచేస్తున్న లైన్‌మన్‌కు మన డాబా నుంచి కరెంటు వెళ్లి ప్రాణం పోవచ్చు. కాబట్టి లిఫ్టుకు జనరేటర్ అలాగే ఉండాలి. ఈ సంగతి ముందు చెప్పని ఒక పనిలో, మొదటి కరెంటు కోత రోజున నాకు 11 ఫోన్లు వచ్చాయి. అన్నీ ఒకే అపార్ట్‌మెంటు నుంచి.

ఇంకా: బిల్లు సున్నా కాదు. స్థిర ఛార్జీలు ఎలాగూ ఉంటాయి. దుమ్ము పడితే ఉత్పత్తి తగ్గుతుంది, రెండు వారాలకోసారి కడగాలి. డాబాలో కొంత భాగం ఇక వాడుకోలేరు. బట్టలు ఆరేసే తీగలు ఎక్కడికి మారుస్తారో, వడియాలకు ఏ మూల వదులుతారో డ్రాయింగ్‌లో చూపించండి. నవ్వకండి. ప్యానెళ్ల కింద నడిచేలా స్టాండు ఎత్తు పెంచితే ఎంత అదనం అవుతుందో కూడా రాయండి. పిల్లల పుట్టినరోజులు, సత్యనారాయణ వ్రతం భోజనాలు జరిగేది ఆ డాబా మీదే.

గాలి సంగతి కూడా చెప్పాలి. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం గాలి వేగం విశాఖపట్నానికి సెకనుకు 50 మీటర్లు, హైదరాబాదుకు 44 మీటర్లు తీసుకుని స్టాండు డిజైన్ చేయాలి. హైదరాబాదులో ఈ వాక్యం ఎవరూ చదవరు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను చూసిన విశాఖ మనిషి మాత్రం దీనికోసమే కాగితమంతా వెతుకుతారు. ఒకే సరుకుకు ఊరిని బట్టి ఏ వాక్యం ముందుకు రావాలో మారిపోతుంది.

మా పని, మీ పని, డబ్బు

గొడవలు పుట్టేది ధర దగ్గర కాదు, "అది మీ పని అనుకున్నాం" దగ్గర. అందుకే రెండు జాబితాలు రాయండి. మా పని: ప్యానెళ్లు, ఇన్వర్టరు (ప్యానెళ్ల కరెంటును మనం వాడే కరెంటుగా మార్చే పెట్టె), స్టాండు, తీగలు, ఎర్తింగ్, పిడుగు నుంచి రక్షణ, డిస్కం దరఖాస్తు, ఐదేళ్ల నిర్వహణ. మీ పని: డాబా ఖాళీ చేయించడం, కడగడానికి నీటి కుళాయి, లోడు పెంచుకోవాల్సి వస్తే ఆ రుసుము, సబ్సిడీ కోసం అసోసియేషన్ పేరిట బ్యాంకు ఖాతా. డాబా మీద వాటర్‌ప్రూఫింగ్ ఎక్కడైనా దెబ్బతింటే ఎవరు బాగుచేయాలో ఇక్కడే తేల్చండి. పై అంతస్తు వారు అడిగే మొదటి ప్రశ్న అదే.

వారంటీలను కలిపేయవద్దు. ప్యానెల్ 25 ఏళ్లు అని రాస్తే ఇన్వర్టర్ కూడా 25 ఏళ్లు వస్తుందని అనుకుంటారు. ప్యానెల్ తయారీ లోపాలకు ఎన్నేళ్లు, ఉత్పత్తికి ఎన్నేళ్లు, ఇన్వర్టర్‌కు ఎన్నేళ్లు, మీ బిగింపు పనికి ఎన్నేళ్లు అని విడివిడిగా రాయండి. ఇచ్చేది తయారీదారా, మీరా అన్నది కూడా.

డబ్బు విడతలను పనికి ముడిపెట్టండి. అడ్వాన్సు 30 శాతం, సామగ్రి డాబా మీదకు చేరిన రోజు 50, ప్లాంటు నడిచిన రోజు 20 అంటే ఇద్దరికీ అర్థమవుతుంది. ఈ పత్రాన్ని అసోసియేషన్ రిజిస్ట్రేషన్‌లో ఉన్న పేరుకే రాయండి. గేటు మీది బోర్డులో ఒక పేరు, రిజిస్ట్రేషన్‌లో మరో పేరు ఉండటం మామూలే. చెక్కు రిజిస్టరైన పేరు మీదే వస్తుంది.

మీ సంస్థ గురించి అర పేజీ చాలు. ఎన్ని కిలోవాట్లు బిగించారన్నది కాదు, ఆ చుట్టుపక్కల వెళ్లి చూడగలిగే అపార్ట్‌మెంట్లు ఎక్కడున్నాయన్నది ముఖ్యం. వారి అనుమతి తీసుకునే పేర్లు ఇవ్వండి.

గడువు రాయకపోతే ఏమవుతుంది

ప్రతిపాదన అన్నది మర్యాదకు ఇచ్చే కాగితం కాదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో ఆ మాటకు నిర్వచనమే ఉంది. ఎదుటివారు దాన్ని అంగీకరిస్తే వాగ్దానమవుతుంది. మీరు గడువు రాస్తే అది దాటగానే ప్రతిపాదన చెల్లదు. రాయకపోతే సహేతుకమైన కాలం వరకు నిలుస్తుంది. సహేతుకం అంటే ఎంతో తేల్చుకోవడానికి మనం కోర్టుకు వెళ్లాలి. అపార్ట్‌మెంట్లలో నిర్ణయాలు ఒక జనరల్ బాడీ నుంచి ఇంకో జనరల్ బాడీకి జారిపోతుంటాయి. మార్చిలో ఇచ్చిన ధరకు నవంబరులో "ఓకే అండీ, మొదలుపెట్టండి" అన్న ఫోను వస్తుంది. అప్పటికి ప్యానెల్ ధర మారి ఉంటుంది. "ఈ ధర ఫలానా తేదీ వరకు చెల్లుతుంది" అని రాయండి. 30 రోజులని కాదు, తేదీ వేయండి. సమావేశం ఎప్పుడో కనుక్కుని, దానికి పది రోజులు కలిపి వేయండి. సబ్సిడీ, పన్నుల దగ్గర కూడా "ఈ రోజు అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం" అని తేదీతో రాయండి. అవి మీ చేతిలో లేవు.

భాష, ఫైలు

ఇప్పుడు ప్రతిపాదన చదివేది ఫోనులో. ఏ4 కాగితం మీద తొమ్మిది గడుల పట్టిక ముద్దుగా ఉంటుంది, ఫోనులో చీమల బారులా కనబడుతుంది. పట్టికకు మూడు గడులు చాలు. మొదటి పేజీని విడిగా ఒక బొమ్మగా కూడా పంపండి, పీడీఎఫ్ తెరవనివారు అదైనా చూస్తారు. వివరాలు ఏ భాషలో ఉన్నా మొదటి పేజీ తెలుగులోనూ ఉండాలి. ఇంట్లో నిర్ణయం తీసుకునే అమ్మ గారో నాయనమ్మ గారో చదవాలి కదా. "సమగ్ర పరిష్కారం", "అత్యాధునిక సాంకేతికత" లాంటి మాటలు కనబడిన చోటల్లా కొట్టేయండి. వాక్యం ఇంకా నిలబడి ఉంటే ఆ మాట అక్కడ అనవసరమే.

పంపే ముందు సోలార్ గురించి ఏమీ తెలియని ఒకరికి మొదటి పేజీ ఇచ్చి, చదివాక కాగితం వెనక్కి తీసుకుని, "ఏం చెప్పాడు?" అని అడగండి. మా ఇంట్లో ఈ పరీక్ష మా అత్తగారు పెడతారు. "నాలుగొందలు మిగులుతాయట, పెట్టింది మూడున్నరేళ్లలో తిరిగొస్తుందట" అన్నారంటే పంపేస్తాను. ఇంకేమన్నా మళ్లీ రాస్తాను.

పంపిన తర్వాత

రెండు రోజులకోసారి "చూశారా సార్?" అని అడగడం వల్ల ఏమీ జరగదు. సమావేశానికి ముందు రోజు సెక్రటరీ గారికి ఫోను చేసి, "ఎవరైనా ఏమైనా అడుగుతున్నారా?" అని కనుక్కోండి. వచ్చిన ప్రతి ప్రశ్నకూ జవాబు రాతలో పంపండి, ఫోనులో చెప్పి ఊరుకోవద్దు. ఫోనులో చెప్పిన మాటను ఆయన గదిలో మళ్లీ చెప్పలేరు, రాసింది చదవగలరు.

ధర తగ్గించమంటే అంకె మాత్రమే తగ్గించవద్దు. ఊరికే 50,000 తగ్గిస్తే, ముందు వేసిన ధరలో 50,000 గాలి ఉందని మీరే ఒప్పుకున్నట్టు. స్టాండు ఎత్తు తగ్గించి, లేదా 25కు బదులు 22 కిలోవాట్లు వేసి, ఏది పోయినందుకు ధర తగ్గిందో చూపించండి. ఆదా ఎంత తగ్గుతుందో కూడా ఆ పక్కనే రాయండి.

చివరికి "సరే, కానీ చివరి విడత ఆరు నెలల తర్వాత ఇస్తాం" అని జవాబు వస్తుంది. దాన్ని ఒప్పుకోలుగా తీసుకుని సామగ్రి ఎక్కించకండి. అంగీకారం షరతులు లేకుండా ఉంటేనే ఒప్పందం. షరతు పెట్టారంటే అది వారి నుంచి వచ్చిన ఎదురు ప్రతిపాదన. కూర్చుని మాట్లాడుకుని, కుదిరిన మాటలతో కాగితాన్ని కొత్త తేదీతో, కొత్త సంఖ్యతో మళ్లీ రాయండి. పాత ప్రతి రద్దయిందని పైన వేయండి. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ముగ్గురి సంతకాలు, అసోసియేషన్ ముద్ర పడ్డాక ఒక ప్రతి మీ దగ్గర పెట్టుకుని, అప్పుడు లారీకి ఫోను చేయండి.